ఐదో వంతు

మూతపడిన బస్సు డిపోలో ఆ నలుగురు ఆడవాళ్ళని నేను మొదటిసారి చూసేసరికి మధ్యాహ్నం మూడు కావస్తోంది. ముగ్గురు గోడవారగా బొంతల మీద పడుకుని ఉన్నారు. నాలుగో ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. రెండడుగులు పక్కకి జరిగితే రేకుల నీడ ఉంది. అయినా ఆమె ఎండలోనే నిలబడింది.

నన్ను అక్కడికి పంపింది ఒక నర్సు. రోడ్ల మీద బతికేవాళ్ళకి వైద్యం చేసే చిన్న సంస్థలో పనిచేస్తుంది. ఒకామె తలలో గాయానికి కట్టు కడుతుంటే చెవి వెనక బియ్యపు గింజంత గట్టిగా ఏదో తగిలిందట. స్కాన్ తీయిస్తే దాని మీద అంకెలు కనిపించాయి. ఆ అంకెలు పట్టుకుని వెతికితే మా పరిశోధనాలయం పేరు వచ్చింది.

"గడ్డేమో అనుకున్నానండీ. ఇది మీ వస్తువేనా?" అని ఫోన్లో అడిగింది.

కాదనలేకపోయాను. వస్తానన్నాను.

గేటు దగ్గరికి వెళ్ళగానే నిలబడిన ఆమె తల తిప్పకుండా, కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

"ఎవరు? ఎటు బోతున్నవ్?"

"లోపలికండీ. నా పేరు సువార్త. డాక్టర్ని."

"ఆడనే ఆగు. మా పిల్లలు పండుకున్నరు. ఐదైనంక రా."

"మీ పేరేమిటి?"

"నాయక్ గాజుల స్వరూప."

ఆ గొంతులో కోపం లేదు. బతిమాలితే కరిగే గొంతూ కాదు. నేను బయట విరిగిన సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. రెండు గంటల పాటు ఆమె కాలు కదపలేదు. మొహం నిండా చెమట కారుతున్నా తుడుచుకోలేదు. లోపల ముగ్గురి ఊపిరీ ఒకే లెక్కన ఎగసి పడుతోంది. అంత గాఢమైన నిద్రని నేను ప్రయోగశాలలో తప్ప ఎక్కడా చూడలేదు.

సరిగ్గా ఐదింటికి ఆమె ఒకసారి తూలింది. కొంగుతో మొహం తుడుచుకుని నీడలోకి వచ్చి, నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఎవరండీ మీరు? ఎప్పుడొచ్చినారు?"

ఇప్పుడు ఆ మాట శ్రీకాకుళం వైపు యాస.

"ఇందాకే మాట్లాడుకున్నాం కదా, స్వరూపగారూ."

లోపల ముగ్గురూ లేచి కూర్చున్నారు. నా ఎదురుగా ఉన్న ఆమె చెయ్యి గేటు ఊచని పట్టుకుంది.

"నాను స్వరూపని కాదండి. పైల నూకరత్నం నా పేరు. స్వరూపక్క పోయి ఏడు నెలలైపోనాది. మే నెలలో, ఎండదెబ్బ కొట్టి. ఇక్కడే, ఈ గేటు కాడే."

*

కొత్త చోట పడుకున్న మొదటి రోజు ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. మెదడులో సగం పడుకుంటే, సగం చెవులు రిక్కించుకుని కాపలా కాస్తుంది. ఆ కాపలా పనిని పడుకున్నవాళ్ళ మెదళ్ళలోంచి తీసేసి, మెలకువగా ఉన్న ఒక్కరికి అప్పగించగలిగితే పడుకున్నవాళ్ళు మూడు గంటల్లో తొమ్మిది గంటల నిద్ర పోగలరు. నేను పద్నాలుగేళ్ళు కూర్చుని చేసింది అదే. దానికి "వంతు" అని పేరు పెట్టాను. చెవి వెనక పెట్టిన గింజలు రెండు వందల అడుగుల లోపల ఒకదానికొకటి అందుతాయి. ఒకరి మెలకువ మిగతావాళ్ళకి 'నేను చూస్తున్నాను, మీరు పడుకోండి' అన్న మాటలా చేరుతుంది.

ఎవరూ కాపలా లేకపోతే మాత్రం ఎవరికీ నిద్ర రాదు. అది నాకు మొదటి నుంచీ తెలుసు. ఉద్యోగం వదిలి వెళ్ళేటప్పుడు గింజ తీసెయ్యాలని నా నోటు పుస్తకంలో రాసుకున్నాను కూడా.

హిమసీమ దళంలో ముప్పైమంది మగ సైనికుల మీద దాన్ని పరీక్షించాం. దానితోపాటే, పదిహేడు వేల అడుగుల ఎత్తున మంచులో ఉండే ఒక చిన్న స్థావరంలో ఐదుగురు ఆడవాళ్ళకీ అక్కడి వైద్యుడి చేత పెట్టించాం. వాళ్ళని నేను కళ్ళారా చూడలేదు. నాయక్ హోదాలో ఉన్న స్వరూప ఒక్కతే ఆ దళంలో పక్కా ఉద్యోగి. మిగతా నలుగురూ ఆరేళ్ళ ఒప్పందం మీద చేరిన సహాయ రక్షకులు. వాళ్ళ మీద పరీక్షకి అనుమతి కాగితం ఇంకా రాలేదు. వచ్చేస్తుందన్నారు. మంచు ఆగదు కాబట్టి మేమూ ఆగలేదు.

చివరికి నివేదిక పంపే రోజున మా డైరెక్టరు నన్ను పిలిచాడు.

"అనుమతి లేని పేర్లు ఇందులో ఉంటే మొత్తం ఆగిపోతుందమ్మా. పద్నాలుగేళ్ళ పని. ఆలోచించుకో" అన్నాడు.

నేను ఒక పూట ఆలోచించుకున్నాను. 'పురుషులు ముప్పై. స్త్రీలు లేరు' అని రాసి సంతకం పెట్టాను. మగవాళ్ళందరినీ ఆసుపత్రికి పిలిచి గింజలు తీసేశారు. లేని స్త్రీలని ఎవరు పిలుస్తారు?

*

రెండో రోజు డిపోలో టీ కాస్తూ రత్నం తన సంగతి చెప్పింది. మూడు రాళ్ళ పొయ్యి, మసిబారిన గిన్నె, వరసగా ఐదు గ్లాసులు. మేము అక్కడ ఐదుగురం ఉన్నాం కాబట్టి ఐదోది నాకే అనుకున్నాను. రత్నం ఆరో గ్లాసు కడిగి నాకిచ్చింది. ఐదోది గేటు పక్కన పెట్టి వచ్చింది.

ఆరేళ్ళు పూర్తయ్యాక రత్నం పలాస దగ్గర అన్నగారింటికి వెళ్ళింది. పదకొండు రోజులు రెప్ప పడలేదు. పన్నెండో రోజు వదిన తలుపు తీసి చూస్తే, రత్నం గడపలో కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంది. ఏం చేస్తున్నావని అడిగితే పలకలేదు.

"పిల్లలు జడిసిపోనారండి. అన్న ఏటీ అనలేదు. వదిన మాత్రం 'ఎన్నాళ్ళుంటావమ్మా' అని అడిగినాది. తప్పేటుంది? నాకైనా బయ్యమేస్తాది. మర్నాడే వచ్చీసినాను."

కర్నూలు రెహానాకి ఆమె భర్త ఇంట్లో అదే జరిగింది. మడకశిర మల్లేశ్వరికి హాస్టల్ వంటగదిలో, నర్సీపట్నం జానకికి అద్దె గదిలో. ఒకరికొకరు ఫోన్లు చేసుకున్నారు. ఐదుగురూ ఒకచోట చేరిన రోజున, అప్పటికి దళం నుంచి రిటైరై వచ్చిన స్వరూప నిలబడితే మిగతా నలుగురూ రైల్వే స్టేషన్ వరండాలో పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా చచ్చినట్టు పడుకున్నారట. ఆ నిద్ర గురించి చెబుతున్నప్పుడు రత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మరి ఇల్లు తీసుకోలేకపోయారా?"

"ఎవులిస్తారు మేడమ్? ఐదుగురు ఆడోళ్ళం. ఒకర్తి ఎప్పుడూ గుమ్మంలో నిలబడే ఉంటాది. ఈది ఈదంతా ఏటనుకుంటారు? మూడిళ్ళు మారినాం. ఆకరోడైతే సామాను రోడ్డు మీద పెట్టీసినాడు."

మాజీ సైనికుల కార్యాలయంలో సహాయ రక్షకులు సైనికులు కారన్నారు. సైనికుల వసతి గృహంలో ఆడవాళ్ళకి స్నానాల గది లేదన్నారు. ఆడవాళ్ళ ఆశ్రయానికి వెళ్తే ఒక కాగితం ఇచ్చారు. భర్త చనిపోయాడా, వదిలేశాడా, కొట్టాడా అని అందులో గడులున్నాయి.

"ఇవేవీ కాదమ్మా, సరిహద్దులో పనిచేసి వచ్చినాం అన్నాను. ఆవిడ కాగితం రెండు పక్కలా తిరగేసి సూసినాది. ఆ గడి లేదమ్మా అన్నాది. పాపం, మంచావిడే. ఒకర్తి మెలకువగా నిలబడతానంటే మాత్రం ఒప్పుకోలేదు. అందరూ పడుకోవాలట. అది రూలట."

"ఆసుపత్రికి వెళ్ళలేదా?"

"ఎల్లినాం. జాబితాలో మా పేర్లు లేవన్నారు."

ఆ జాబితా ఎవరు రాశారో ఆమె అడగలేదు. నేనే చెప్పాను. నలుగురూ విన్నారు. మల్లేశ్వరి లేచి డిపో వెనక్కి వెళ్ళిపోయింది. రత్నం చాలాసేపు పొయ్యిలో పుల్లలు సర్దుతూ కూర్చుని, "టీ సల్లారిపోతాది, తాగండి" అంది.

*

సెలవు పెట్టి, పరికరం తీసుకుని వారం రోజులు అక్కడికి వెళ్ళాను. నలుగురి తలలకీ పట్టీలు కట్టి గింజలు ఏం మాట్లాడుకుంటున్నాయో రాసుకున్నాను. రోజులో ఇరవై ఒక్క గంటలు అంతా మామూలే. ఒకరు కాపలా, ముగ్గురు నిద్ర లేదా పని. రెండు నుంచి ఐదు దాకా స్వరూప వంతు. ఆ మూడు గంటలూ నలుగురి మెదళ్ళూ నిద్రలోనే ఉన్నాయి. నిలబడి, కళ్ళు తెరిచి, నాతో మాట్లాడుతున్న మనిషి మెదడు కూడా. అయినా తెర మీద ఐదో మెలకువ కనిపిస్తోంది. బలంగా, తడబాటు లేకుండా.

అది ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఏళ్ళ తరబడి ఆ గింజలు స్వరూప మెలకువని వింటూ వచ్చాయి. విని విని నేర్చుకున్నాయి. ఆమె పోయాక, ఆమె వేళ రాగానే నలుగురి మెదళ్ళూ ఆమెని తలా పావు వంతు మోస్తున్నాయి. నాలుగు పావులూ కలిసి, ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ళ ఒంట్లో లేచి నిలబడుతున్నాయి. జానకి నిలబడినా రెహానా నిలబడినా ఆ మూడు గంటలూ అదే గొంతు, అదే కరీంనగర్ మాట, ఎడమ భుజం కాస్త వంచి నిలబడే అదే తీరు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనం చేశాక మా ఆయన ప్రభుదాసు హాల్లో చాప వేసుకుని పడుకున్నాడు. స్కూల్లో లెక్కల మాస్టారు. దిండు మీద తల పెడితే చాలు, గురక. నేను కుర్చీలో కూర్చుని ఆయన్నే చూస్తున్నాను. కాసేపటికి కళ్ళు తెరిచాడు.

"ఏంటలా చూస్తున్నావు?"

"మీకు భయం వెయ్యదా? అలా ఒళ్ళు తెలియకుండా పడుకోడానికి?"

"నువ్వున్నావు కదా" అని అటు తిరిగి పడుకున్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కొళాయి తిప్పుకుని నిలబడ్డాను.

*

స్వరూప పేరు మీద ఉత్తరం వచ్చింది. తన చిరునామాగా నర్సు పనిచేసే సంస్థ పేరిచ్చింది కాబట్టి నర్సే తెచ్చింది. దళంలో పక్కా ఉద్యోగి అయినందున నాయక్ గాజుల స్వరూపకి మాజీ సైనికుల కాలనీలో ఒక గది, వంటిల్లు ఉన్న ఇల్లు మంజూరైంది. ఆమె మూడేళ్ళ కిందట పెట్టుకున్న దరఖాస్తు అది. ఆమె పోయినప్పుడు మున్సిపాలిటీ బండి వచ్చి, ఎవరో తెలియని మనిషని రాసుకుని తీసుకెళ్ళిపోయింది. అందుకే ఆమె చావు ఏ కాగితంలోనూ లేదు. లబ్ధిదారు స్వయంగా వచ్చి, యంత్రం ముందు మాట్లాడి, గొంతు సరిపోల్చుకోవాలని ఉత్తరం చివర రాసి ఉంది.

"అక్క పేరుతో అబద్ధం చెప్పి ఇల్లు తీసుకుంటామా?" అంది రెహానా.

"అబద్ధం ఎవరు చెప్తాండారు?" అంది మల్లేశ్వరి. "మూడింటికి అక్కే మాట్లాడుతుంది కదా."

రత్నం నా వైపు చూసింది. వద్దని చెప్పే హక్కు నాకు లేదు. మూడు గంటలకి సమయం అడిగి తీసుకున్నది నేనే.

ఆ రోజు వంతు మల్లేశ్వరిది. మిగతా ముగ్గురూ కార్యాలయం వరండాలో బల్లల మీద పడుకున్నారు. వీళ్ళెవరని గుమాస్తా అడిగితే చెల్లెళ్ళన్నాను. లోపల యంత్రం అడిగింది, ఆమె చెప్పింది.

"పేరు?"

"నాయక్ గాజుల స్వరూప."

"చివరి డ్యూటీ ఎక్కడ?"

"గీడనే. ఇంక దిగలే."

పచ్చదీపం వెలిగింది. అంతకు ముందు ఏడాది ఇదే యంత్రం ముందు రత్నం, రెహానా, జానకి, మల్లేశ్వరి తమ పేర్లు తాము చెప్పుకుంటే 'రికార్డు లేదు' అందట. ఐదుగురిలో అది గుర్తుపట్టింది చనిపోయిన మనిషినొక్కదాన్నే. గుమాస్తా తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, "ఏటా నవంబరులో వచ్చి ఇలాగే మాట్లాడి వెళ్ళాలమ్మా, బతికి ఉన్నట్టు" అన్నాడు.

*

ఇల్లు బాగుంది. కిటికీ పక్కన వేపచెట్టు. జానకి గోడకి మేకు కొట్టి అద్దం తగిలించింది. రెహానా ఒక బట్టల దుకాణంలో చేరింది. వాళ్ళు వండుకుంటుంటే, జుట్టు దువ్వుకుంటుంటే చూసినప్పుడు నా తప్పు కాస్త తగ్గినట్టు నాకు నేనే చెప్పుకున్నాను.

వానాకాలంలో మొదలైంది. బయట ముసురు. గుమ్మంలో జానకి ఒంటితో నిలబడి ఉన్న స్వరూప పెదాలు పగిలి నెత్తురు వస్తున్నాయి. నుదుటి మీద చెయ్యి వేసి తీసేశాను. కాలిన పెనంలా ఉంది.

"ఎండ మస్తు కొడ్తుంది ఇయ్యాల" అంది, వాన చినుకులు మొహం మీద పడుతుండగా.

ఐదింటికి జానకి కూలబడిపోయింది. జ్వరం నూట అయిదు. మర్నాడు రెహానాకి, ఆ తర్వాత రత్నానికి. ఎవరి వంతు వస్తే వాళ్ళకి. మెడ మీద, చేతుల మీద, మే నెల ఎండకి కమిలినట్టు చర్మం నల్లగా ఊడి వస్తోంది. గింజలు నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా చివరిది ఆ ఆఖరి మధ్యాహ్నం. అది ఇన్నాళ్ళకి పైకి వచ్చింది. నిలబడిన ప్రతివాళ్ళూ స్వరూప చావుని మళ్ళీ చస్తున్నారు.

"గింజలు తీసేస్తాను. ఇంక ఆలస్యం చెయ్యకూడదు" అన్నాను.

"తీసేస్తే నవంబరులో ఎవులు మాట్లాడతారు మేడమ్?" అంది రత్నం. చేతులకి వెన్న రాసుకుని కూర్చుంది. "తీస్తే ఇల్లు పోద్ది. ఉంచితే మనుసులు పోతారు."

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఇల్లు పోతే పోనీండి. నలుగురం అనుకున్నాం. కానీ ముందల అక్కకి చెప్పాల. ఆవిడికి తెలీదు, పోనానని. మాం చెప్పలేం. ఆ ఏళకి పడుకునైనా ఉంటాం, ఆవిడైపోయైనా ఉంటాం. మీరే చెప్పాల."

*

మూడింటికి వెళ్ళాను. ఆ రోజు వంతు రత్నానిది. మిగతా ముగ్గురూ లోపల నిద్రలో ఉన్నారు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి ఈసారి ఎవరని అడగలేదు.

"జర మెల్లగ మాట్లాడు డాక్టరమ్మా. పిల్లలు పండుకున్నరు."

"నీకో మాట చెప్పాలి స్వరూపా."

"చెప్పు."

పద్నాలుగేళ్ళు చదివి, రాసి, ఉపన్యాసాలిచ్చిన దాన్ని. చివరికి ఎలా వస్తే అలా చెప్పేశాను. మే నెల, గేటు, ఎండదెబ్బ. మున్సిపాలిటీ బండి. మిగతా నలుగురి తలల్లో ఆమె ఎలా ఉందో. నా నివేదిక సంగతి కూడా చెప్పాను.

ఆమె కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు. రత్నం మొహం అది, కానీ ఆ మొహంలో ఆలోచిస్తున్నది రత్నం కాదు.

"గందుకేనా," అంది, "ఎవరూ వచ్చి బదులు నిలబడ్తలేరు. నేనేమో మర్చిపోయిన్రనుకున్న."

"క్షమించు."

"మరి గీ ఎండేంది?"

"అది ఆ రోజుటి ఎండ. ఇప్పుడు లేదు. చూడు, మబ్బుగా ఉంది."

మొదటిసారి ఆమె తలెత్తి ఆకాశం చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది, రత్నం చేతులు, కాలి ఊడిన చర్మం. ఒక్క అడుగు వెనక్కి వేసి గుమ్మం నీడలోకి జరిగింది. ఆ ఒక్క అడుగుకే ఆమె ఒంట్లో వేడి తగ్గడం, ఆమె భుజం పట్టుకున్న నా చేతికి తెలిసింది.

"పిల్లల చేతులు గిట్లయినయ్ నా వల్లనేనా?"

నేను తల ఊపాను.

"ఇగ నుంచి కావు." తర్వాత అడిగింది. "గీ ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

"నీ పేరు మీద."

"నేను పోతే?"

అబద్ధం చెప్పొచ్చు. ఒకసారి సులువుగానే చెప్పాను. "ఇల్లు వెనక్కి తీసుకుంటారు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు" అన్నాను.

ఆమె మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

"అయితే నేను పోను" అంది. "వాళ్ళకు ఇల్లు కాంగనే చెప్పు. అప్పటిదాంక ఉంట."

ఐదింటికి రత్నం కళ్ళు నలుపుకుంటూ అడిగింది. "ఏటన్నాది?"

చెప్పాను. రత్నం గడప మీద కూలబడి, అక్కడే మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

*

మర్నాడు నేను పరిశోధనాలయానికీ, మాజీ సైనికుల కార్యాలయానికీ వెళ్ళి నిజం రాసిచ్చాను. 'స్త్రీలు ఐదుగురు' అని, ఐదుగురి పేర్లూ, ఊళ్ళూ, తేదీలూ, నేను ఏం దాచానో, ఎందుకు దాచానో. గొంతు యంత్రం సంగతి కూడా రాశాను. నా ఉద్యోగం ఆ వారంలోనే పోయింది. పదిహేను రోజుల్లో కాలనీ ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. జానకి అద్దం తీసి గుడ్డలో చుట్టుకుంది.

ప్రభుదాసు మా చర్చి పెద్దలతో మాట్లాడాడు. ఆదివారం బడి జరిగే గది ఇచ్చారు, ఆదివారం పొద్దున్న మాత్రం ఖాళీ చెయ్యాలన్న షరతుతో. నలుగురూ అక్కడ పదకొండు నెలలున్నారు. రెండు నుంచి ఐదు దాకా గుమ్మం నీడలో ఎవరో ఒకరు స్వరూపగా నిలబడేవారు. జ్వరాలు మళ్ళీ రాలేదు. ఇల్లొచ్చేదాకా ఉంటానన్న మనిషిని పంపెయ్యలేమని నలుగురూ గింజలు తియ్యనివ్వలేదు. చర్చికి వచ్చే ముసలమ్మలు మొదట్లో చుట్టు తిరిగి వెళ్ళేవారు. తర్వాత తర్వాత ఆమెకి దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళడం మొదలుపెట్టారు. అది నాకు నచ్చలేదు గానీ ఆపలేదు.

ఆ పదకొండు నెలలూ రత్నం నేనూ తిరగని కార్యాలయం లేదు. ఒకచోట మేము సైనికుల విభాగం కాదన్నారు, ఒకచోట మేము స్త్రీల విభాగం కాదన్నారు. ఒక విచారణలో ఒక పెద్దాయన నన్ను, "ఇన్నాళ్ళూ ఏం చేశారు మీరు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. చివరికి ప్రయోగం వల్ల నష్టపోయినవాళ్ళ కింద నలుగురి పేర్ల మీద కలిపి ఒక ఇల్లు ఇచ్చారు. సైనికుల కింద కాదు. ఆ మాట కోసం రత్నం ఇంకా అర్జీలు పెడుతూనే ఉంది.

ఇంట్లో దిగిన రోజున ఒంటి గంటన్నరకి భోజనాలయ్యాయి. రెండు కాబోతుండగా నేను గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. చెప్పమంది కదా. ఎవరికి చెప్పాలో తెలియక, ఆ రోజు వంతు రత్నానిది కాబట్టి ఆమెని గుమ్మం దగ్గరికి పిలిచి చెవి దగ్గర చెప్పాను.

"స్వరూపా, ఇల్లు వచ్చింది. నలుగురి పేర్లూ రాశారు."

నలుగురూ పడుకున్నారు. రెండైంది. ఎవరూ లేవలేదు. రత్నం లేచి నిలబడుతుందని చూస్తున్నాను. రెండుంబావు. రెహానా ఇటు నుంచి అటు దొర్లింది. మల్లేశ్వరి కళ్ళు తెరిచే ఉన్నాయి. జానకివీ.

"మేడమ్," అంది రత్నం. అది రత్నం గొంతే. "అక్క రానేదు."

"వెళ్ళిపోయింది."

ఫ్యాను తిరుగుతోంది. సొంత ఇంట్లో, మొదటి రోజున, నలుగురూ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు. గింజలు తియ్యడానికి సోమవారం ఆసుపత్రిలో ఏర్పాటు చేశాం. అంతవరకూ ఆ మూడు గంటలు కాపలా ఖాళీ, నలుగురిలో ఎవరో ఒకరు లేచి నిలబడితే తప్ప. నేనున్నానని చెబుదామనుకున్నాను. నా చెవి వెనక ఏమీ లేదు. నా మెలకువ వాళ్ళకి చేరదు.

కొంతసేపటికి రత్నం లేచింది. నా పక్క నుంచి గుమ్మంలోకి వచ్చి, వీధికి రెండు వైపులా చూసింది. కూరగాయల బండి ఒకటి వెళ్తోంది. ఎదురింటి ఆవిడ బట్టలు ఆరేస్తోంది.

"లోపలికి రండి మేడమ్" అంది.

నేను లోపలికి వచ్చాక తలుపు వేసి, గడియ పెట్టింది. ఆ చప్పుడుకి రెహానా ఉలిక్కిపడి లేచి కూర్చుంది. ఏమీ లేదు పడుకోమని రత్నం చేత్తో సైగ చేసి, తనూ వెళ్ళి తన బొంత మీద పడుకుంది.

ఐదు దాకా ఎవరికీ నిద్ర పట్టలేదు. లేచి వెళ్ళి నిలబడింది కూడా ఎవరూ లేరు.